హెల్త్ యాప్ స్టార్టప్: ఒక్క క్లినిక్‌తో మొదలుపెట్టి పది క్లినిక్‌ల దాకా వెళ్లడం ఎలా?

"యాప్ రెడీ అయిపోయింది, డాక్టర్ల చేత ఎలా వాడించాలి?", "ఫండింగ్ కోసం ఎవరిని కలవాలి?" డిజిటల్ హెల్త్‌లోకి దిగినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఈ రెండే. వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. రాత్రి పదకొండింటికి మీ యాప్ ఒక పేషెంట్‌కు తప్పు చెప్పిందనుకోండి, ఫోన్ ఎవరికి వస్తుంది? ఇక్కడ ఒక మనిషి పేరు చెప్పలేకపోతే మీ పని ఇంకా మొదలుకాలేదనే లెక్క. అందుకే కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం పెరగడం గురించి కాదు, పెరిగేముందు సరిచూసుకోవాల్సినవాటి గురించి.

గైడ్ మొత్తానికీ ఒకే ఉదాహరణ తీసుకుందాం. పేషెంట్ ఇంట్లో బీపీ చూసుకుని రీడింగు పంపుతాడు. క్లినిక్‌లో నర్సు, డాక్టర్ దాన్ని చూసి మందు మార్చాలో వద్దో తేలుస్తారు. మీది షుగర్ అయినా, గర్భిణుల ఫాలో-అప్ అయినా దారి దాదాపు ఇదే.

ముందు చేతిలో ఉండాల్సినవి

- వారానికి ఒక పూట అయినా మీతో కూర్చునే డాక్టర్. వెబ్‌సైట్‌లో ఫొటో పెట్టుకోవడానికి కాదు. ఏ రీడింగుకు అలర్ట్ వెళ్లాలి, స్క్రీన్ మీద ఏ మాట ఉండాలి అన్నది సంతకం పెట్టి చెప్పడానికి.
- మిమ్మల్ని లోపల కూర్చోనిచ్చే ఒక క్లినిక్.
- కోడ్ రాసేవాళ్లు ఇద్దరు. మొదట్లో అంతకంటే అక్కర్లేదు.
- మీ దేశంలో వైద్య పరికరాల చట్టం, డేటా చట్టం తెలిసిన లాయర్. నెలకు కొన్ని గంటలు దొరికినా చాలు.
- ఆదాయం లేకపోయినా ఏడాదిన్నర నెట్టుకురాగల డబ్బు. ఆస్పత్రి వాళ్లు సరేనన్న రోజుకూ, కాంట్రాక్టు మీద సంతకం పడే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి.

1. కోడ్ ముట్టుకోకముందు క్లినిక్‌లో కూర్చోండి

కనీసం ఒక వారం, ఓపీ మొదలైనప్పటి నుంచి చివరి పేషెంట్ వెళ్లేదాకా ఉండండి. ప్రశ్నలు అడగొద్దు, చూడండి. ఒక బీపీ రీడింగును నర్సు ఎన్ని చోట్ల రాస్తుందో లెక్కపెట్టండి. ముందు చీటీ మీద, తర్వాత రిజిస్టర్‌లో, రద్దీ తగ్గాక కంప్యూటర్‌లో. మీ యాప్ నాలుగో చోటు అయిందా, డెమో ఎంత బాగున్నా రెండో వారానికల్లా మూలన పడుతుంది. కొత్తగా ఒక పని చెప్పేముందు ఉన్నదాంట్లో ఒకటి తీసేయగలగాలి. రిజిస్టర్ తీసేసే అధికారం నర్సుకు ఉండదు కాబట్టి ఆ మాట క్లినిక్ పెద్దతో ముందే మాట్లాడుకోండి.

సరిచూసుకోవడం ఇలా: మీరు గమనించిన పనిని ఒక కాగితం మీద బొమ్మగా గీసి నర్సుకు చూపించండి. "ఇది కాదండీ, మధ్యలో ఇంకోటి ఉంది" అంటే మళ్లీ వెళ్లి కూర్చోవాలి.

2. మూడు పేర్లు రాసుకోండి

వాడేది ఎవరు, డబ్బు ఇచ్చేది ఎవరు, పూచీ పడేది ఎవరు. మామూలు యాప్‌లలో ఈ ముగ్గురూ చాలావరకు ఒక్కరే. హెల్త్‌లో పేషెంట్ వాడతాడు, బీమా కంపెనీయో ఆస్పత్రో డబ్బు కడుతుంది, పూచీ డాక్టర్‌ది. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరికి లాభం కనిపించకపోయినా బండి కదలదు.

పేర్ థెరప్యూటిక్స్ సంగతి చూడండి. మత్తుకు అలవాటుపడ్డవాళ్ల చికిత్సకు చేసిన వాళ్ల యాప్‌కు 2017లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది. డాక్టర్లు రాసిచ్చే యాప్‌లలో ముందు వరసలో నిలిచిన కంపెనీ అది. అయినా బీమా సంస్థల నుంచి డబ్బు తగినంత రాలేదు. 2023 ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది. అనుమతి, ఆదాయం వేర్వేరు సంగతులు. మొదటిది వస్తే రెండోది దానంతటదే రాదు.

కట్టేవాళ్లు ఎవరో తేలకపోతే మార్గాలు ఇవీ: ఆస్పత్రి నుంచి నెలవారీ సబ్‌స్క్రిప్షన్, ఉద్యోగుల కోసం కంపెనీల నుంచి, బీమా సంస్థల నుంచి, ప్రభుత్వ పథకాల నుంచి, లేదా నేరుగా పేషెంట్ దగ్గర. జర్మనీలో 2019 చివర్లో వచ్చిన చట్టంతో డాక్టర్ యాప్‌ను రాసిస్తే ఆరోగ్య బీమా డబ్బు కడుతుంది. ఫలితం ఇంకా రుజువు కాని యాప్‌ను తాత్కాలికంగా జాబితాలో చేర్చి, ఆధారాలు చూపడానికి మామూలుగా ఏడాది గడువు ఇస్తారు. మీరున్న చోట ఇలాంటి దారి ఉందో లేదో ముందే కనుక్కోండి.

పేషెంటే కడతాడన్నది నా దృష్టిలో అన్నిటికంటే బలహీనమైన ప్లాన్. ఒంట్లో బాగున్నట్టు అనిపించగానే కట్టడం ఆపేస్తాడు. బీపీ లాంటి జబ్బులో చాలామందికి ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది.

3. యాప్ చేసే పనిని ఒక్క వాక్యంలో రాయండి

ఈ మూడు వాక్యాలు చూడండి:

- రీడింగులు దాచి, గ్రాఫ్‌లా చూపిస్తుంది.
- రీడింగు హద్దు దాటితే డాక్టర్‌కు తెలియజేస్తుంది.
- ఏ మందు ఎంత పెంచాలో చెబుతుంది.

ఒక్కో మెట్టు కిందికి దిగేకొద్దీ నియంత్రణ బిగుసుకుంటుంది. పరికరం ఏదీ లేకపోయినా సాఫ్ట్‌వేరే వైద్య పరికరం కావచ్చన్న నిర్వచనాన్ని వివిధ దేశాల నియంత్రణ సంస్థల వేదిక ఐఎండీఆర్ఎఫ్ 2013లోనే రాసింది. యూరప్‌లో 2021 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల వల్ల, అంతకుముందు తేలిక తరగతిలో నెట్టుకొచ్చిన చాలా సాఫ్ట్‌వేర్లు పై తరగతికి ఎక్కాయి.

జాగ్రత్త: లాయర్ దగ్గర మొదటి వాక్యం చెప్పి, ప్రకటనలో మూడోది రాయొద్దు. అధికారులు చూసేది కోడ్ ఒక్కటే కాదు, మీరు జనానికి ఏం చెబుతున్నారో కూడా. "వెల్‌నెస్" అని పేరు తగిలిస్తే తప్పించుకోవచ్చనుకుని దెబ్బతిన్నవాళ్లు ఉన్నారు.

రెండో, మూడో వాక్యం మీదైతే ఐఈసీ 62304, ఐఎస్ఓ 14971, ఐఎస్ఓ 13485 అనే మూడు ప్రమాణాలను మొదటి రోజే తెరవండి. సాఫ్ట్‌వేర్ తయారీ, ప్రమాదాల అంచనా, నాణ్యత వ్యవస్థ గురించినవి ఇవి. మూడేళ్ల పాత కోడ్‌కు వెనక్కి వెళ్లి కాగితాలు పుట్టించడం అంత తలనొప్పి మరోటి లేదు.

4. డేటాను మొదటి రోజే సరిగ్గా పెట్టుకోండి

ఎక్కువ స్టార్టప్‌లు ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

*ఫోన్ నంబర్‌ను పేషెంట్ గుర్తింపుగా వాడొద్దు.* ఇంట్లో నలుగురికి ఒకే నంబర్ ఉంటుంది. తల్లి రీడింగు కొడుకు రికార్డులో పడితే మందు తప్పుతుంది. ప్రతి మనిషికీ విడిగా ఒక ఐడీ ఇచ్చి, నంబర్‌ను దానికి తగిలించండి. ఒక నంబర్ కింద ఎంతమందైనా ఉండనివ్వండి. "ఈ రీడింగు ఎవరిది?" అని ప్రతిసారీ అడగండి.

*అంకె పక్కన యూనిట్ లేకుండా ఏదీ దాచొద్దు.* షుగర్‌ను కొన్ని దేశాల్లో డెసిలీటర్‌కు మిల్లీగ్రాముల్లో, కొన్నిచోట్ల లీటర్‌కు మిల్లీమోల్స్‌లో చెబుతారు. 126, 7 ఒకే షుగర్. మధ్యలో తేడా 18 రెట్లు. డేటాబేస్‌లో ఉత్త 7 అని ఉంటే ఆర్నెల్ల తర్వాత అదేంటో మీకే తెలియదు.

*ప్రపంచం వాడే కోడ్‌లే వాడండి.* పరీక్షలకు లోయింక్, జబ్బులకు ఐసీడీ, ఆస్పత్రి సిస్టమ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకోవడానికి ఫైర్ (FHIR) అనే ప్రమాణం. లోయింక్‌లో పై బీపీ కోడ్ 8480-6, కింది బీపీది 8462-4. సొంతంగా "బీపీ_1", "బీపీ_2" అని పేర్లు పెట్టుకుంటే మొదటి పెద్ద ఆస్పత్రి వచ్చిన రోజు అన్నీ తిరగరాయాలి.

*వింత అంకెను మళ్లీ అడగండి, చెరిపేయొద్దు.* 120కి బదులు 12 కొట్టడం, పైదీ కిందదీ తారుమారు చేయడం రోజూ జరిగేదే. కానీ 230 కనిపిస్తే అది టైపింగ్ తప్పు కావచ్చు, నిజంగా ప్రమాదమూ కావచ్చు. "మళ్లీ ఒకసారి కొలిచి పంపండి" అని అడుగుతూనే మొదటి అంకెనూ ఉంచి, డాక్టర్‌కు కనపడనివ్వండి.

డేటా నిజమైనదో కాదో చూడటానికి ఒక చిన్న పరీక్ష. డిజిటల్ మెషీన్ ఇచ్చే రీడింగుల్లో చివరి అంకె సున్నా అయ్యేవి పదింట ఒకటి చొప్పున ఉండాలి. మీ దగ్గర సగం రీడింగులు 120, 130, 140 అని ఉన్నాయంటే జనం దగ్గర్లోని పదికి సర్ది రాస్తున్నారు, లేదా కొలవకుండానే పంపుతున్నారు. అలాంటి డేటా మీద ఎంత మంచి గ్రాఫ్ గీసినా దండగే. మెషీన్ నుంచి బ్లూటూత్‌తో నేరుగా తీసుకోండి. కుదరకపోతే మెషీన్ తెరను ఫొటో తీయించండి.

*పేషెంట్ అనుమతి.* దేనికి వాడతారో ఒక్కో పనికి విడిగా అడగండి. చికిత్సకు ఒకటి, పరిశోధనకు ఒకటి. వద్దనుకుంటే వెనక్కి తీసుకునే బటన్ కూడా వెతుక్కోకుండా దొరకాలి. పేరు తీసేస్తే చాలనుకోవద్దు. అమెరికన్లలో 87 శాతం మందిని పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడింటితోనే విడిగా గుర్తుపట్టవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త లటాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టి చూపించారు.

జాగ్రత్త: ప్రకటనల కోసమో, క్లిక్‌లు లెక్కపెట్టడానికో యాప్‌లో పెట్టిన బయటి కంపెనీల కోడ్ ముక్కలే చాలాసార్లు డేటాను బయటికి మోస్తాయి. పేషెంట్ల సమాచారం ఫేస్‌బుక్, గూగుల్ లాంటివాటికి చేరవేసిందన్న ఆరోపణ మీద 2023 ఫిబ్రవరిలో మందులకు డిస్కౌంట్లు ఇప్పించే అమెరికా కంపెనీ గుడ్‌ఆర్ఎక్స్ 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. విడుదలకు ముందు ఫోన్ నుంచి ఏయే అడ్రస్‌లకు డేటా వెళ్తోందో ట్రాఫిక్ పట్టి చూడండి. జాబితాలో తెలియని పేరు ఒక్కటున్నా విడుదల ఆపండి.

5. అలర్టులను లెక్కగట్టి పెట్టండి

"మా సిస్టమ్ 90 శాతం కరెక్ట్" అన్న మాట వినడానికి బాగుంటుంది. లెక్క వేసి చూడండి. 10,000 మంది వాడుతున్నారు, వాళ్లలో నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్లు 100 మంది. 90 మందిని మీరు పట్టుకున్నారు, బాగానే ఉంది. మిగతా 9,900 మందిలో 10 శాతానికి తప్పుడు అలర్ట్ వెళ్తుంది, అంటే 990. మొత్తం 1,080 అలర్టుల్లో నిజమైనవి 90. నర్సు పన్నెండు సార్లు లేచి చూస్తే ఒక్కసారి పనికొస్తుంది. వారం తిరగకుండా సౌండ్ ఆపేస్తుంది, అందులో ఆమె తప్పేం లేదు.

అందుకని ముందు నర్సును అడగండి: రోజుకు ఎన్ని చూడగలవు? ఎనిమిది అంటే ఎనిమిదికే సర్దుకునేలా హద్దులు పెట్టండి. ఒక్క రీడింగుకు కాకుండా వరసగా రెండు మూడు ఎక్కువ వస్తేనే అలర్ట్ వెళ్లేలా చేయడం తేలికైన మార్గం. మరీ ప్రమాదకరమైన అంకెకు మాత్రం ఒక్కటి చాలు. ఈ మార్పులేవీ ఇంజినీర్ సొంతంగా చేయకూడదు, డాక్టర్ సంతకం ఉండాలి.

చాట్ పెట్టె గురించి ఒక మాట. అది కనపడితే చాలు, పేషెంట్ అర్ధరాత్రి "ఛాతీలో నొప్పిగా ఉంది" అని రాస్తాడు. అవతల ఎవరూ లేరు. పొద్దున్నే తొమ్మిదింటికి నర్సు చూస్తుంది. 24 గంటలూ మనిషిని పెట్టలేకపోతే చాట్ తీసేయండి. తీసేయలేకపోతే పనివేళల బయట అది తెరుచుకోకూడదు, ఆ చోట ఎమర్జెన్సీ నంబర్ పెద్ద అక్షరాల్లో ఉండాలి. "24 గంటల్లో స్పందిస్తాం" అని చిన్న అక్షరాల్లో రాసి చేతులు దులుపుకోవద్దు.

6. పైలట్ (ముందస్తు ప్రయోగం): చిన్నగా, కానీ నిజంగా

ఒక క్లినిక్, 50 నుంచి 100 మంది, 12 వారాలు. మొదలుపెట్టకముందే మూడు విషయాలు కాగితం మీద రాసి క్లినిక్‌తో సంతకాలు పెట్టించుకోండి. ఏ అంకె వస్తే సక్సెస్ అంటాం, ఏం జరిగితే మధ్యలో ఆపేస్తాం, సక్సెస్ అయితే నెలకు ఎంత కడతారు. మూడోది అడగడానికి అందరికీ మొహమాటం. అడగకపోతే ఉచిత పైలట్ అయ్యాక ఇంకో ఉచిత పైలట్ మొదలవుతుంది. చిన్న మొత్తమైనా సరే తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. డబ్బు కట్టిన క్లినిక్ మాత్రమే మీ మీద కోప్పడుతుంది, ఆ కోపం మీకు కావాలి.

ఫలితాల్లో అందరూ పడే గొయ్యి ఒకటుంది. బీపీ బాగా ఎక్కువున్న రోజున చేర్చుకున్నవాళ్లను మళ్లీ కొలిస్తే సగటు కొంత తగ్గే కనిపిస్తుంది, మీ యాప్ ఉన్నా లేకపోయినా. బీపీ రోజురోజుకూ ఊగుతుంటుంది. ఎక్కువున్న రోజే పట్టుకున్నారు కాబట్టి తర్వాతి రోజు తగ్గడం సహజం. దాన్ని "మా యాప్‌తో 10 పాయింట్లు తగ్గింది" అని స్లైడ్ మీద వేస్తే తెలిసిన డాక్టర్ నవ్వి ఊరుకుంటారు. రెండు మార్గాలున్నాయి. చేరిన రోజు కాకుండా వేరే రోజు కొలిచిన అంకెను మొదటి అంకెగా తీసుకోండి. లేదా పేర్లు ఇచ్చినవాళ్లలో సగం మందిని చీటీ వేసి మూడు నెలలు ఆగి చేర్చుకోండి. ఆగినవాళ్లతో పోల్చండి. రెండోదే నమ్మదగ్గది.

7. ఫలితం చూసేటప్పుడు

డౌన్‌లోడ్‌లు మర్చిపోండి. ఒకే వారంలో చేరినవాళ్లను ఒక వరసగా రాసి, వాళ్లలో 4వ, 8వ, 12వ వారంలో రీడింగు పంపినవాళ్లు ఎంతమందో పక్కన వేయండి. ప్రతి వారం చేరినవాళ్లకూ ఒక వరస. కొత్త వరసలు పాతవాటికంటే బాగుంటే మీ మార్పులు పనిచేస్తున్నట్టు.

మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయొద్దు. 100 మంది చేరి 40 మంది మిగిలితే, ఆ 40 మంది సగటు మీ ఫలితం కాదు. శ్రద్ధ ఉన్నవాళ్లే మిగులుతారు. మానేసినవాళ్లలో పదిమందికి స్వయంగా ఫోన్ చేయండి. సర్వే లింక్ పంపొద్దు, ఫోనే చేయండి. "మెషీన్ బ్యాటరీ అయిపోయింది", "ఫోన్ మా అబ్బాయి దగ్గర ఉంటుంది" లాంటివి ఏ డాష్‌బోర్డూ చెప్పదు.

8. ఏఐ పెడుతున్నారా?

ల్యాబ్‌లో వచ్చిన మార్కులతో ఆగొద్దు. కంటి ఫొటో చూసి షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే గూగుల్ సిస్టమ్‌ను థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో పెట్టి చూశారు, 2020లో ఆ అధ్యయనం వచ్చింది. ల్యాబ్‌లో దిట్ట అనిపించుకున్న ఆ సిస్టమ్ క్లినిక్‌లో ఐదింట ఒక ఫొటోకు పైగా బాగాలేదని తిప్పికొట్టింది. గదిలో వెలుతురు సరిపోలేదు. నెట్ నెమ్మదిగా ఉన్నచోట పేషెంట్లు కూర్చుని ఎదురుచూశారు. మీ మోడల్‌ను కనీసం కొన్ని వారాలు వెనకాల నడపండి. అది చెప్పింది ఎవరికీ చూపించకుండా, డాక్టర్ తేల్చినదాంతో పోల్చండి. ఆడవాళ్లు, మగవాళ్లు, వయసు, చర్మం రంగు, మెషీన్ రకం వారీగా విడదీసి చూడండి. మొత్తం సగటు బాగుంటే సరిపోదు.

9. రెండో క్లినిక్, ఆ తర్వాత పదోది

రెండో క్లినిక్‌కు మొదటిదానితో ఏ పోలికా ఉండదు. రిజిస్టర్ వేరు, డాక్టర్ అలవాటు వేరు. వాళ్లు అడిగినదల్లా కోడ్‌లో పెడితే పదో క్లినిక్ నాటికి మీ దగ్గర పది వేర్వేరు యాప్‌లు ఉంటాయి. మార్చుకోవడానికి కొన్ని సెట్టింగులు ఇవ్వండి, మిగతావాటికి మర్యాదగా కాదనండి.

మూడో క్లినిక్‌ను ఫౌండర్ అడుగుపెట్టకుండా మొదలుపెట్టించండి. ట్రైనింగ్ పుస్తకం, వీడియో, ఒక సపోర్ట్ ఉద్యోగి, అంతే. అది నడవకపోతే నాలుగోది తీసుకోవద్దు, ఇన్వెస్టర్ ఎంత తొందరపెట్టినా సరే. ఒక్కో క్లినిక్ నుంచి నెలకు వచ్చేది, దాని మీద సపోర్ట్‌కు, సర్వర్‌కు, నర్సు గంటలకు పోయేది పక్కపక్కన రాయండి. ఒక్కోదాని మీద నష్టం వస్తుంటే పది కలిపినా నష్టమే. 2021లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజ్‌లో లిస్టయిన బ్రిటన్ డిజిటల్ హెల్త్ కంపెనీ బాబిలాన్ హెల్త్‌కు ఆదాయం గబగబా పెరిగింది, నష్టాలూ దాంతోపాటే పెరిగాయి. 2023లో కంపెనీ కుప్పకూలింది.

భద్రత కూడా ఈ దశలోనే చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో వైద్య బిల్లులు, క్లెయిములు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే) దాడి జరిగితే మందుల షాపుల బిల్లింగు, బీమా క్లెయిములు వారాల తరబడి చిక్కుకుపోయాయి. లాగిన్‌కు రెండో తాళం లేని ఒక రిమోట్ పోర్టల్ గుండా దొంగలు దూరారని మాతృసంస్థ అధిపతే అమెరికా కాంగ్రెస్ ముందు ఒప్పుకున్నారు. పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ లేని లాగిన్ ఒక్కటి కూడా ఉండకూడదు, పాత టెస్ట్ సర్వర్‌తో సహా. బ్యాకప్ తీసుకుంటున్నామన్న ధీమా చాలదు. మూడు నెలలకోసారి దాన్ని ఖాళీ సర్వర్ మీద తిరిగి ఎక్కించి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి.

10. మూతపడితే ఏం చేయాలో ముందే రాయండి

ఇన్వెస్టర్ ముందు ఈ మాట ఎత్తడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ పెద్ద ఆస్పత్రులు కాంట్రాక్టులో అడిగేవాటిలో ఇదొకటి. ఎన్ని రోజుల ముందు చెబుతారు, పేషెంట్ల రికార్డులు ఏ రూపంలో అప్పగిస్తారు, అలర్టులు ఆగిపోతున్నాయని పేషెంట్‌కు ఎవరు చెబుతారు, మీ సర్వర్‌లో మిగిలింది ఎప్పుడు చెరిపేస్తారు. ఇవన్నీ రెండు పేజీల్లో రాసి కాంట్రాక్టుకు జత చేయండి.

రాశాక పరీక్షించండి. ఒక క్లినిక్ డేటా మొత్తం ఎగుమతి చేసి, ఫైలు అక్కడి స్టాఫ్ చేతికిచ్చి, మీ యాప్ తెరవకుండా ఫలానా పేషెంట్ చివరి మూడు రీడింగులు, వాడుతున్న మందు వెతకమనండి. ఐదు నిమిషాల్లో దొరకలేదంటే ఫైలు రూపం మార్చాలి.